నరకని చెట్టుకు పచ్చబిళ్ళ

మా ఊరి పచ్చబిళ్ళల పథకాన్ని ఎగతాళి చేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను వాళ్ళలో ఒకణ్ణి కాను. నా జీతం అందులోంచే వస్తుంది కాబట్టి దాని మీద నాకు గౌరవం ఉంది. నెల మొదటివారంలో ఆ గౌరవం ఇంకాస్త పెరుగుతుంది.

పథకం అర్థం చేసుకోవడం చాలా తేలిక. ఎక్కడో దూరాన ఒక పెద్ద ఫ్యాక్టరీ ఉంది. పొగ వదలకుండా ఉండటం దానికి కుదరదు. వదిలిన పొగకు బదులుగా ఏదో ఒక పుణ్యం చెయ్యాల్సిందేనని పైవాళ్ళు పట్టుబట్టారు. ఆ పుణ్యం స్వయంగా చేసుకునే తీరిక లేక ఫ్యాక్టరీవాళ్ళు దాన్ని మా కోరుమిల్లిపేటకు అప్పజెప్పారు. మేము ఇక్కడ చెట్లు నరక్కుండా ఉంటాం. నరకని ప్రతి చెట్టుకూ వాళ్ళు డబ్బు పంపుతారు. ఆ డబ్బు ముందుగా వృక్ష ప్రోత్సాహక ప్రాధికార సంస్థ అనే ఆఫీసుకు వస్తుంది. ఆఫీసు ఖర్చులు పోగా మిగిలింది ఆకుపచ్చ ప్లాస్టిక్ బిళ్ళల రూపంలో జనానికి చేరుతుంది. ఆ బిళ్ళలిస్తే ఇంటిపన్ను కట్టించుకుంటారు, గ్యాస్ బండ ఇస్తారు, సినిమాహాల్లో బాల్కనీకి కూడా పంపిస్తారు. కాగితాల్లో వాటి పేరు హరిత ప్రోత్సాహక టోకెన్లు. ఊళ్ళో పచ్చబిళ్ళలు.

చెట్టున్న ప్రతివాడికీ బిళ్ళలిస్తారని మొదట్లో అందరూ సంబరపడ్డారు. ప్రారంభోత్సవం నాడు టౌన్‌హాల్లో ఆ అపోహ తొలగిపోయింది. తొలగించినవారు సంస్థ కార్యదర్శి సార్వభౌమరావుగారు. ఆయన ఇంట్లో మంచినీళ్ళు అడిగినా సర్క్యులర్ చదువుతున్నట్టే ఉంటుందని వాళ్ళావిడే ఎవరితోనో అందట.

"చెట్టును కలిగియుండుట వేరు, చెట్టును కాపాడుట వేరు," అని మొదలుపెట్టారు ఆయన. "ఏ చెట్టునైతే ఎవరూ నరకదలచుకోలేదో, ఆ చెట్టు నరకబడకుండుట సహజ పరిణామము. సహజ పరిణామమునకు సొమ్ము చెల్లించుట ఆర్థిక క్రమశిక్షణా రాహిత్యము. కావున, నరకవలెనను దృఢమైన ఉద్దేశము కలిగియుండి, సదరు ఉద్దేశమును త్యజించిన వ్యక్తులకు మాత్రమే టోకెన్లు మంజూరు చేయబడును."

వెనక వరసలోంచి హైస్కూలు హెడ్మాస్టరుగారు లేచారు.

"అయ్యా, నేను మా పెరట్లో మామిడిచెట్టును కన్నబిడ్డలా పెంచుతున్నాను. ఏనాడూ నరుకుదామనుకోలేదు. నాకేమీ రాదా?"

"రాదు. తమరు మంచివారు. మంచితనమునకు పథకములో పద్దు లేదు."

"పోనీ, నరుకుదామనుకుంటే?"

"అప్పుడు తమరు లబ్ధిదారులు."

హెడ్మాస్టరుగారు కూర్చున్నారు. ఇంటికి వెళ్ళేలోగా ఆయనకు ఉద్దేశం పుట్టింది.

ఒక్క ఆయనకే కాదు, వారం తిరక్కుండా ఊరంతటికీ పుట్టింది. ఎవరి ఉద్దేశం అసలుదో ఎవరిది దొంగదో తేల్చడానికి మనిషి కావాలి కదా. అప్పటికి నేను పనిచేసే ప్రైవేటు బడి మూతపడి ఇంట్లో కూర్చుని ఉన్నాను. దరఖాస్తు పెట్టుకుంటే ఉద్దేశ పరిశీలకుడు అనే ఉద్యోగం ఇచ్చారు, కాంట్రాక్టు పద్ధతిలో. పట్నం నుంచి ఒక నిపుణుడు వచ్చి మాకు శిక్షణ ఇచ్చాడు. ఎదుటివాడు నిజంగా చెట్టు నరికే రకమో కాదో మూడు విషయాల్లో తెలిసిపోతుందన్నాడు. ఒకటి చూపు. రెండు పట్టు, అంటే గొడ్డలి పిడి పట్టుకున్న తీరు. మూడు లాభం, నరికితే తనకేం ఒరుగుతుందో వాడు గుక్క తిప్పుకోకుండా చెప్పగలగాలి. మూడూ సరిపోతే ఆ చెట్టు ప్రమాదంలో ఉన్నట్టు మేము ధ్రువపత్రం ఇస్తాం. మొదటి తరగతి ప్రమాదానికి ఎక్కువ బిళ్ళలు, రెండో తరగతికి తక్కువ. ప్రమాదంలో ఉన్నట్టు ఒకసారి రాశాక ఆ చెట్టు మీద ఇక ఎవరూ గొడ్డలి వెయ్యడానికి వీల్లేదు.

ఈ ఏర్పాటులో అందరికంటే బాగుపడినవాడు తాతబ్బాయి. ఊళ్ళో చెట్లు కొట్టే పని అతనిదే. ఇన్నాళ్ళూ అతను గొడ్డలి భుజాన వేసుకుని వీధిలోకి వస్తే ఆడవాళ్ళు తమ కొబ్బరిచెట్ల వంక కంగారుగా చూసుకునేవాళ్ళు. ఇప్పుడు అతని చూపు, పట్టు, లాభం మూడింటికీ పూర్తి మార్కులు పడ్డాయి. తను కొడదామనుకున్న చెట్లన్నిటి పేర్లూ ఏకరువు పెట్టి, ఇక జన్మలో చెట్టు నరకనని సంతకం చేసి, ఊళ్ళోకెల్లా పెద్ద లబ్ధిదారుడయ్యాడు. టౌన్‌హాల్లో అతనికి శాలువా కప్పి వృక్ష బంధు అన్నారు. గొడ్డలి ఊరికే ఉంటుంది కాబట్టి దాన్ని గంటల లెక్కన అద్దెకిచ్చేవాడు. నేను తనిఖీకి వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ అదే గొడ్డలి. నన్ను చూసి దానికి నవ్వొచ్చేదేమో తెలీదు, నాకైతే వచ్చేది. ఉద్యోగం కదా అని ఆపుకునేవాణ్ణి.

ఒక్క వరహాలమ్మ దగ్గరే నేను ఆపుకోలేకపోయాను.

వరహాలమ్మది బస్టాండు వెనక రోడ్డు మీద పెసరట్ల కొట్టు. కొట్టంటే నాలుగు రేకులు, ఒక పెనం, రెండు బల్లలు. ఆ బల్లల మీద పరుచుకుని పెద్ద నిద్రగన్నేరు చెట్టు. మిట్టమధ్యాహ్నం కూడా అక్కడ కళ్ళు చిట్లించుకోనక్కర్లేదు. రిక్షావాళ్ళు, మెడికల్ షాపు కుర్రాళ్ళు, కోర్టు పక్షులు అందరూ అక్కడే చేరతారు. అట్టు తిన్నాక కూడా లేవరు. కూర్చుంటే ఇంకో టీ తాగుతారు. ఆమె వ్యాపారంలో సగం పెనానిది, సగం చెట్టుది. నా టిఫిను కూడా రోజూ అక్కడే.

"ఏంటండి మాస్టారూ, చెట్లకి బిళ్ళలిత్తన్నారంట. నాది మాత్తరం చెట్టు కాదేటండి?" అందొకరోజు.

"నరుకుదామని ఉందా నీకు?"

"బిళ్ళలిత్తారంటే ఉన్నట్టే రాసుకోండి."

సరేనని దరఖాస్తు పెట్టించి తనిఖీకి వెళ్ళాను. తాతబ్బాయి గొడ్డలి చేతపట్టుకుని చెట్టు ముందు నిలబడింది. చూపు చూశాను. బడికి వెళ్ళే పిల్లాడి క్రాపు సరిగ్గా ఉందో లేదో చూస్తున్నట్టుంది. పట్టు చూశాను. గొడ్డలిని అట్లకాడలా పట్టుకుని మణికట్టు తిప్పుతోంది. చుట్టూ టిఫిను తినేవాళ్ళు చేరి "అట్టు మాడిపోతంది, తిరగెయ్యమ్మా" అని అరిచారు. నేను నవ్వేశాను, గట్టిగా దగ్గి సర్దుకుని మూడో ప్రశ్న అడిగాను.

"ఈ చెట్టు నరికితే మీకు కలిగే లాభం ఏమిటి?"

"లాభమేటండి బాబూ! నీడ పోద్ది. నీడ పోతే గిరాకీ పోద్ది. ఎండలో కూకుని పెసరట్టు తినడానికి మీకేవన్నా పిచ్చా? లాభం అంటారేటి మీరు, బుద్ధుండే అడుగుతున్నారా?"

అక్కడితో పరీక్ష పోయింది. సార్వభౌమరావుగారు సంతకం చేసిన కాగితం నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. సదరు వృక్షమునకు సదరు యజమానురాలి వలన ఎట్టి ప్రమాదము లేనందున, సదరు వృక్షమునకు రక్షణ అవసరము లేదని నిర్ణయించడమైనది.

వరహాలమ్మ దాన్ని కూడబలుక్కుంటూ చదివింది. "అంటే నేను మంచిదాన్నని రాసిచ్చారన్నమాట. గ్యాస్ బండవాడు ఇది చూపిత్తే ఒప్పుకుంటాడేటండి?"

"ఒప్పుకోడు."

"పోనీ రేపెప్పుడన్నా దీనికి పెమాదం వత్తే?"

"వస్తే మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. రూలు ఉంది."

"అయితే దాచుకుంటాను," అని ఆ కాగితాన్ని పోపులడబ్బాలో పెట్టింది.

ఆ తర్వాత పథకానికి ఒక చిన్న చిక్కు వచ్చిపడింది. ఖాళీ స్థలం ఉన్న ఒక పెద్దమనిషి, తాను అక్కడ టేకుచెట్లు నాటి, పెంచి, పెద్దవయ్యాక నరుకుదామనుకున్నాననీ, ఇప్పుడు ఆ ఉద్దేశం మానుకుని అసలు నాటడమే మానేశాననీ, దానికి బిళ్ళలివ్వాలనీ దరఖాస్తు పెట్టాడు. సార్వభౌమరావుగారు రెండు రోజులు ఆలోచించారు. నిజం చెప్పాలంటే ఆయనకు నచ్చింది. కాని పైవాళ్ళు ఒప్పుకోలేదు. వట్టి మాటలు చెల్లవు, ఉద్దేశం కంటికి కనపడాలి అన్నారు. దాంతో కొత్త సర్క్యులర్ వచ్చింది.

అధికార ముద్ర గల లిఖితపూర్వక ఆధారము లేని సందర్భములలో, లబ్ధిదారు తన ఉద్దేశమును చెట్టు మొదలునందు గాటు రూపమున నిరూపించుకొనవలెను. బెత్తెడు గాటు రెండవ తరగతి. జానెడు గాటు మొదటి తరగతి.

చెట్టు నరుకుతానని ముద్ర వేసి రాసిచ్చే అధికారి ఎక్కడ దొరుకుతాడు? అందుకని ఊరంతా గాట్ల మీద పడింది. గాటు పెట్టడం నరకడం కిందికి రాదు కాబట్టి తాతబ్బాయికి మళ్ళీ చేతినిండా పని. పొద్దున్న నరకనందుకు బిళ్ళలు తీసుకుని, సాయంత్రం గాట్లు పెట్టినందుకు కూలి తీసుకునేవాడు. నరికే రోజుల్లో కంటే ఇప్పుడే గొడ్డలికి ఎక్కువ పదును పెట్టాల్సి వస్తోందని నాతో వాపోయాడు. హెడ్మాస్టరుగారి మామిడికి జానెడు పైగానే పడింది. కన్నబిడ్డకు ఆయన పక్కనే నిలబడి దగ్గరుండి పెట్టించారు.

నేను వరహాలమ్మతో ఒక మాట అని చూశాను. "బెత్తెడు చాలట. పై బెరడుతో పోతుంది."

ఆమె పెనం మీద నీళ్ళు చిలకరించింది. పెనం చుయ్యిమంది. "మాస్టారూ, పొద్దున్నే ఈ మాటలు మాటాడకండి. బిళ్ళ కోసం దాని కాలు నరుక్కోమంటారా? తిని ఎల్లండి."

తిని వెళ్ళాను. ఆ రోజు అల్లం చట్నీ అడిగినా వెయ్యలేదు.

వైశాఖం చివర్లో ఒక మధ్యాహ్నం ఈదురుగాలి లేచింది. ఏటా వచ్చే గాలే. ఏటా నాలుగు కొమ్మలు విరిచి పోయేది, ఈసారి అది కొమ్మల జోలికి పోలేదు. జానెడు గాటు పడ్డ చెట్లన్నీ గాటు దగ్గర వంగి, వరసగా, పెద్ద ఆర్భాటం లేకుండా పడుకున్నాయి. తర్వాత బెత్తెడు గాట్లవి. హెడ్మాస్టరుగారి మామిడి ఆయన స్నానాలగది మీద పడింది. అదృష్టవశాత్తూ అప్పుడాయన ఆఫీసులో మా మీద ఫిర్యాదు రాస్తున్నారు, బిళ్ళలు ఆలస్యమవుతున్నాయని.

మర్నాడు అత్యవసర సమావేశం. నా ఉద్యోగం కూడా ఆ చెట్లతోపాటే కూలిందనుకుని నేను ఒక మూల కూర్చున్నాను.

"పట్టణమునందలి వృక్షముల ప్రస్తుత స్థితి?" అన్నారు సార్వభౌమరావుగారు.

"పడిపోయాయి సార్."

"ఎవరైనా నరికిరా?"

"లేదు సార్. వాటంతటవే పడ్డాయి."

"వాటంతటవే పడుట వాటి స్వంత నిర్ణయము. అందు సంస్థ జోక్యము చేసుకొనజాలదు." కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఇకమీదట సదరు వృక్షములను ఎవరైనా నరికి పడగొట్టగలరా?"

"పడిన చెట్టును మళ్ళీ ఎలా పడగొడతారు సార్?"

"కావున అవి నూటికి నూరు శాతము సురక్షితము. పథకము యొక్క పరిపూర్ణ దశకు మనము చేరుకొంటిమి. నివేదికలో నరికివేత అను గడిలో శూన్యము వేయుడు."

వేశాం. ఆ సున్నాను చూసి పైవాళ్ళు మురిసిపోయారు. అలాంటి సున్నా ఇంకే పట్టణమూ పంపలేదట. అవార్డు ప్రకటించారు, అవార్డుతోపాటు సంస్థకు సొంత భవనం కట్టుకోవడానికి సొమ్ము కూడా ఇచ్చారు. ఊళ్ళో ధ్రువపత్రం ఉన్న చెట్టు ఒక్కటి నరికినట్టు తేలినా ఆ సొమ్ము వెనక్కి తీసుకుంటామని అడుగున చిన్న అక్షరాల్లో రాశారు. అది ఎవరూ పట్టించుకోలేదు, ఎందుకంటే నరకడానికి ఊళ్ళో ఏమీ మిగల్లేదు.

ఊరి పరిస్థితి మాత్రం చెప్పనలవి కాకుండా ఉంది. రోడ్డుకి అడ్డంగా పడ్డ చెట్లను ముక్కలు చేస్తేనే గాని తియ్యలేరు. ముక్కలు చేస్తే నరికినట్టవుతుంది. అందుకని ఎక్కడివక్కడే ఉంచి, ఒక్కోదానికి ఒక్కో బోర్డు తగిలించారు, రక్షిత వృక్షము అని. బస్సులు ఊరి బయటే ఆగిపోయేవి. పెళ్ళివారు బ్యాండుమేళంతో సహా చింతచెట్టు ఎక్కి దిగి వెళ్ళడం నేను కళ్ళారా చూశాను. వీటన్నిటికీ తోడు ఎండ. నిలువనీడ లేదని ఊరికే అంటుంటాం గాని, ఆ నెలలో మా ఊళ్ళో అది అక్షరాలా నిజం.

ఒక్క వరహాలమ్మ చెట్టు నిలబడింది. దానికి గాటు లేదు కదా.

ఊరు ఊరంతా దాని కింద చేరింది. వరహాలమ్మ ఇంకో రెండు బల్లలు వేయించింది. చివరికి ఒకరోజు సార్వభౌమరావుగారు కూడా చెమటలు కక్కుకుంటూ వచ్చి కూర్చున్నారు. ఉప్మా పెసరట్టు తిన్నారు, పైకి చూశారు, చుట్టూ చూశారు.

"ఇచ్చట వాతావరణము ఆహ్లాదకరముగా నున్నది," అన్నారు.

ఆ మాట విని వరహాలమ్మ సంతోషించి ఇంకాస్త చట్నీ వేసింది. నేనూ సంతోషించాను. ఎంత తెలివితక్కువ సంతోషమో పదిరోజుల్లో తెలిసింది.

సంస్థ భవనానికి ఆయన ఎంచుకున్న స్థలం వరహాలమ్మ కొట్టు వెనకాలదే. ఊళ్ళో మిగతా స్థలాలన్నిటి మీదా రక్షిత వృక్షాలు పడుకుని ఉన్నాయి, వాటిని కదపకూడదు. భవనం ప్లాను ప్రకారం కార్యదర్శిగారి కారు రోడ్డు మీంచి సరాసరి పోర్టికోలోకి రావాలి. దారిలో నిద్రగన్నేరు అడ్డం. టేపు పెట్టి కొలిచారు. చెట్టు మొదలు పడమటి వైపు సగం రోడ్డు మార్జిన్లోకి వచ్చిందని తేల్చారు. చెట్టుకు నోటీసు అంటించారు.

సదరు వృక్షము యొక్క పడమటి సగము సంస్థ పరిధిలోనిది. కావున సంస్థ తన సగమును సోమవారము నాడు నరికి తొలగించుకొనును. తమరి తూర్పు సగమునకు ఎట్టి నష్టము కలిగింపబడదని హామీ ఇవ్వడమైనది.

నేను వెళ్ళేసరికి వరహాలమ్మ పొయ్యి వెలిగించలేదు. ఆ కొట్టులో చల్లారిన పొయ్యి చూడటం నాకు అదే మొదటిసారి.

"సగం నరికితే రెండో సగం నిలబడద్దేటండి మాస్టారూ?"

"కాగితం ప్రకారం నిలబడుతుంది."

ఆమె నవ్వలేదు. అనకుండా ఉండాల్సిందని నాకు అప్పుడే అనిపించింది.

"ఇది పోతే నేనూ, పెనమూ మిగుల్తామండి. ఈ ఎండలో బల్ల మీద ఎవరు కూకుంటారు? ఆఫీసుకెళ్ళి కాళ్ళా వేళ్ళా పడ్డాను. ఆయనేవన్నారో తెలుసా? నీ చెట్టుకి పెమాదం లేదని మేమే కాగితం ఇచ్చాం, పెమాదం లేని చెట్టుని నరికితే తప్పేంటి అన్నారు." కొంగుతో ముక్కు తుడుచుకుంది. తర్వాత ఉన్నట్టుండి పోపులడబ్బా మూత తీసింది. "మాస్టారూ, పెమాదం వత్తే మళ్ళీ దరకాస్తు పెట్టుకోమన్నారు కదా మీరు?"

"అన్నాను."

"వచ్చింది కదండి?"

నేను నోటీసు వంక చూశాను. నరికి తొలగించుకొనును. కింద సంతకం. సంతకం మీద గుండ్రటి ముద్ర, ఏ కాస్తా చెరిగిపోకుండా పడింది. అధికార ముద్ర గల లిఖితపూర్వక ఆధారము. ఊరంతా వెతికినా ఎవరికీ దొరకనిది ఆ చెట్టుకే అంటించి ఉంది.

"దరఖాస్తు రాయి," అన్నాను. "నరుకుదామనుకుంటున్నవారి పేరు దగ్గర కార్యదర్శిగారి పేరు రాయి."

సోమవారం పొద్దున్నే సార్వభౌమరావుగారు సిబ్బందితో దిగారు. ఊరు అప్పటికే చెట్టు కింద ఉంది. తాతబ్బాయిని పిలిచి కానియ్యమన్నారు.

తాతబ్బాయి గొడ్డలి కింద పెట్టి చేతులు కట్టుకున్నాడు. "నావల్ల కాదండి. జన్మలో చెట్టు కొట్టనని మీ ముందే సంతకం పెట్టాను. కొడితే నా బిళ్ళలన్నీ లాక్కుంటారు. శాలువా కూడా ఇచ్చెయ్యాలంట."

సిబ్బందిని చూశారు. వాళ్ళందరి ఇళ్ళల్లోనూ రక్షిత వృక్షాలున్నాయి, వాళ్ళంతా అలాంటి సంతకాలే పెట్టి ఉన్నారు. ఊళ్ళో సంతకం పెట్టనివారు ఇద్దరే, వరహాలమ్మా, కార్యదర్శిగారూ. ఆయనకు పట్టుదల వచ్చింది. కోటు విప్పి డ్రైవరుకిచ్చి, చొక్కా చేతులు పైకి మడిచి, గొడ్డలి అందుకున్నారు.

వరహాలమ్మ చెట్టుకి వీపు ఆనించి నిలబడింది. ఆమె పక్కకు నేను దరఖాస్తు పట్టుకుని వెళ్ళాను. ఇంకో ఉద్యోగం దొరికే వయసు కాదు నాది.

"సార్, ఒక చిన్న తనిఖీ. రూలు ప్రకారం."

"త్వరగా కానివ్వుడు."

"ఈ చెట్టును నరకాలన్న ఉద్దేశం మీకు నిజంగానే ఉందా సార్?"

"నిస్సందేహముగా!"

"లాభం?"

"కారు సరాసరి పోర్టికోలోకి వచ్చును. ఎండలో నడచు అవసరము తప్పును. భవనము యొక్క ముఖభాగము రహదారి నుండి స్పష్టముగా కనిపించును." ఆయన గుక్క తిప్పుకోలేదు.

చూపు చూశాను. ఆయన చెట్టును చూడటం లేదు, చెట్టులోంచి అవతల తన పోర్టికోను చూస్తున్నారు. పట్టు చూశాను. వేళ్ళ కణుపులు తెల్లబడ్డాయి. ఇన్ని ఇళ్ళు తిరిగాను, ఇంతమందిని పరీక్షించాను, అచ్చమైన ఉద్దేశం అంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. మొదటి తరగతి ప్రమాదం అని రాసి సంతకం పెట్టాను.

"సార్, ఈ క్షణం నుంచి ఇది రక్షిత వృక్షం. దీన్ని నరక్కూడదు."

"గాటు ఏది?" అని గొడ్డలి పైకెత్తి అరిచారు ఆయన.

"ముద్ర ఉన్న కాగితం ఉంటే గాటు అక్కర్లేదని సర్క్యులర్ మీదే సార్. కాగితం చెట్టుకే ఉంది. ఇప్పుడు మీరు నరికితే నివేదికలో సున్నా పోతుంది. సున్నా పోతే భవనం సొమ్ము వెనక్కి పోతుంది."

గొడ్డలి గాల్లోనే ఉంది. ఆయన ముఖం ఎరుపెక్కి, నలుపెక్కి, మెల్లగా మామూలు రంగుకు వచ్చింది.

"బిళ్ళలు ఎవరికి చెందును?" అన్నారు కాస్త తగ్గిన గొంతుతో.

"ఉద్దేశం ఎవరిదైతే వారికే సార్. అంటే సంస్థకు. ఇంత పెద్ద చెట్టుకి, అందులోనూ నిలబడి ఉన్న చెట్టుకి, అన్నిటికన్నా ఎక్కువ రేటు."

సార్వభౌమరావుగారు గొడ్డలి దించారు. చొక్కా చేతులు సర్దుకుని, కోటు తొడుక్కుని, జనం వైపు తిరిగారు. "పర్యావరణ పరిరక్షణ దృష్ట్యా సంస్థ తన దృఢమైన ఉద్దేశమును త్యజించుచున్నది. ఇట్టి త్యాగములు మనకు క్రొత్త కాదు." సిబ్బంది చప్పట్లు కొట్టారు. వరహాలమ్మ చెట్టు మొదట్లోనే కూలబడి ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని పొయ్యి వెలిగించింది.

భవనం కట్టారు. పోర్టికో ఉంది, అందులోకి కారు రాదు. కారు నిద్రగన్నేరు కింద ఆగుతుంది, ఆయన అక్కణ్ణించి నడిచి వెళతారు. ప్రతినెలా మొదటి సోమవారం సంస్థవారు గొడ్డలికి పూలదండ వేసి చెట్టు దగ్గరికి తెస్తారు. కార్యదర్శిగారు దాన్ని ఎత్తి పట్టుకుని, నరక్కుండా దించుతారు. ఫొటో తీస్తారు. ఆ నెల బిళ్ళలు సంస్థ ఖాతాలో పడతాయి.

"చెట్టు నాది, పేడ పోసి పెంచింది నేను, బిళ్ళలు మాత్తరం నరుకుదామన్నాయనకి. బాగుందండి మాస్టారూ," అంటుంది వరహాలమ్మ.

"పథకమే అది కదా," అంటాను నేను.

మొన్నటి సోమవారం గొడ్డలి దించాక అందరూ బల్లల మీద కూర్చుని ఉప్మా పెసరట్లు తిన్నారు, రెండేసి, టీలతో సహా. చెయ్యి కడుక్కుని సార్వభౌమరావుగారు లేచారు. "ఇది అధికారిక కార్యక్రమము. కావున అల్పాహార వ్యయము స్థానిక సహకారముగా పరిగణించబడును," అని కారు వైపు నడిచారు.

వరహాలమ్మ పెనం దగ్గర్నించి లేచి ఆయనకు ఎదురొచ్చింది. చేతిలో అట్లకాడ ఉంది, ఇంకా పొగలు కక్కుతోంది.

"అయ్యగారండి, ఒక్క మాట. దీంతో మీ నెత్తి మీద ఒక్కటిద్దామని నాకు గట్టి ఉద్దేశం ఉందండి. ఇయ్యట్లేదు. మానుకుంటన్నాను. మరి నాకేటిత్తారు?"

సిబ్బంది ముఖాలు చూసుకున్నారు. సార్వభౌమరావుగారు నా వైపు తిరిగారు. నేను ఉద్దేశ పరిశీలకుణ్ణి, తనిఖీ నా బాధ్యత. చూపు చూశాను. ఆమె ఆయన బట్టతలను తప్ప ఇంకేమీ చూడటం లేదు. పట్టు చూశాను. ఈసారి అట్లకాడను గొడ్డలిలా పట్టుకుంది. లాభం అడగబోయాను. "మనసు సల్లబడద్దండి," అంది నేను అడక్కుండానే.

నా ఉద్యోగంలో నేను చూసిన రెండో అచ్చమైన ఉద్దేశం అది. మొదటి తరగతి అని రాసి కాగితం సార్వభౌమరావుగారి ముందు పెట్టాను. ఆయన చదువుకున్నారు. మెల్లగా జేబులో చెయ్యి పెట్టి గుప్పెడు పచ్చబిళ్ళలు తీశారు.

"బిళ్ళలొద్దండి. డబ్బులియ్యండి."

డబ్బులు తీశారు. బల్ల మీద పెట్టి, ఆమె చేతి వంక చూస్తూ ఒక అడుగు వెనక్కి వేశారు. వరహాలమ్మ అట్లకాడ ఇంకా దించలేదు.

"నెలనెలా అండి," అంది.